ఆవకాయ గదిలో ఫొటో కడగడం

మా వైపు ఫొటో తీయడం ఒక పని, దాన్ని కడగడం ఇంకో పని. రీలు కెమెరాల రోజుల్లో స్టూడియోలో రీలు ఇచ్చి, కడిగి ఉంచండి ఎల్లుండి వస్తాం అని చెప్పి వచ్చేసేవాళ్ళం. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ, యాభై ఏళ్ళు దగ్గరపడ్డాక నేను ఇంట్లోనే ఫొటోలు కడుగుతానని పట్టుబడితే మా వాళ్ళకి అందులో నీళ్ళ భాగం ఒక్కటే అర్థమైంది. మా అత్తగారు కుంకుడుకాయలు కొట్టి ఇమ్మంటావా అని అడిగారు. ఆవిడ వేళాకోళానికి అడగలేదు.

నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఆ ఏడు కటకాల పాఠం చెబుతుండగా ఒకమ్మాయి లేచి, ఇవన్నీ లోపల ఫోనే చూసుకుంటుంది కదా మేడమ్, మనకెందుకు అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాంతిని నా చేతులతో పట్టి కాగితం మీద పెట్టి చూపిస్తానని క్లాసు మొత్తానికి మాటిచ్చేశాను. ఆ పని నాకు రాదన్న సంగతి ఇంటికొచ్చి కాఫీ తాగాక గానీ గుర్తురాలేదు.

కొవ్వూరులో ఒక స్టూడియో మూసేస్తూ సామాను అమ్మేస్తున్నారని తెలిసి వెళ్ళాను. పెళ్ళి ఆల్బమ్ అట్టల కింద ఒక ఎన్‌లార్జరు దొరికింది. నిలువుగా ఒక ఇనుప కడ్డీ, దాని పైన బల్బు ఉండే బుర్ర, బుర్ర కింద నెగిటివ్ పెట్టే అర, దాని కింద లెన్సు. బల్బు వేస్తే నెగిటివ్‌లో బొమ్మ పెద్దదై కింద పెట్టిన కాగితం మీద పడుతుంది. దాన్ని షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వంతెన దాటుతుంటే పక్కన కూర్చున్న పెద్దాయన, కళ్ళు చూసే మిషనా అమ్మా అని అడిగారు. కాదన్నాను. ఆయన వినలేదు. వంతెన దిగేలోపల తనకి దగ్గరవి ఆనడం లేదనీ, ఎడమ కంట్లో నీరు కారుతోందనీ చెప్పుకుని, లెన్సులోంచి ఒకసారి గోదావరిని చూసి, ఇప్పుడు కాస్త నయంగా ఉందన్నారు.

కాగితాలూ మందులూ ఆన్‌లైన్‌లో తెప్పించాను. మావారిది బట్టల కొట్టు. తాను విప్పి చూడకుండా సరుకు దించుకోవడం ఆయన వంశంలో లేదు. పైగా ఈమధ్య పార్సిలు ఏది వచ్చినా విప్పుతూ వీడియో తీయడం నేర్చుకున్నారు, తేడా వస్తే వాపసు ఇవ్వొచ్చని. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి హాల్లో ట్యూబులైటు కింద కూర్చుని నల్ల కవరు చించి, ఫొటో కాగితాలు ఒక్కొక్కటే అటూ ఇటూ తిప్పి చూపిస్తూ కెమెరాతో మాట్లాడుతున్నారు. చీకట్లో తప్ప తెరవకూడదని డబ్బా మీద ఎర్రక్షరాలతో రాసి ఉంది. చదివాను గానీ అది కొరియర్ వాళ్ళకనుకున్నానన్నారు. వీడియో మాత్రం చాలా బాగా వచ్చింది. కాగితాలన్నీ వెలుగు తగిలి పాడైపోయాయి. ఆ రోజు మా ఇంట్లో వంట ఆయనే చేసుకున్నారు.

రెండో డబ్బా వచ్చేలోపల చీకటి గది వెతుక్కోవాలి. మా ఇల్లు కట్టించిన మామగారికి గోదారి గాలి మీద మోజు. ప్రతి గదికీ రెండేసి కిటికీలు, వాటి మీద రంగు అద్దాలు, బాత్‌రూముకి కూడా ఒకటి. కిటికీ లేనిది ఇంటి మొత్తం మీద ఒక్కటే, వంటింటి పక్కన కొట్టుగది. అది మా అత్తగారి రాజ్యం. ఆవకాయ, మాగాయ, ఉసిరికాయ జాడీలు మూతులకి గుడ్డలు కట్టించుకుని అక్కడ వరసగా కూర్చుంటాయి. స్నానం చేయకుండా ఆ గడప దాటకూడదు. తడి చేత్తో అసలు దాటకూడదు. చుక్క నీరు పడితే ఏడాది పచ్చడి బూజు పట్టిపోతుంది కాబట్టి ఆ గదిలోకి వెళ్ళేముందు నేను కూడా చేతులు తుడుచుకుని చూపించాలి. అలాంటి గదిలో మూడు టబ్బుల నిండా నీళ్ళూ మందులూ పెట్టుకుంటానని ఆవిడని అడగాలి.

మూడు రోజులు అడగలేకపోయాను. నాలుగో రోజు భోజనాల దగ్గర అడిగేశాను. ఆవిడ మజ్జిగన్నం తినడం ఆపి, ఆ మిషను పాత నెగిటివ్‌లని కూడా కడుగుతుందా అని అడిగారు. కడుగుతుందన్నాను. చేయి కడుక్కుని వెళ్ళి, తన ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల్లోంచి ఒక పొట్లం తెచ్చారు. కలరా ఉండల వాసన వేస్తున్న పాత కాగితంలో నా అరచేతిలో సగం ఉన్న నెగిటివ్ ఒకటి ఉంది. ముందు ఇది కడుగు, తర్వాత గది నీ ఇష్టం అన్నారు.

ఆ నెగిటివ్‌లో ఏముందో మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. మా అత్తగారి పుట్టిల్లు పెనుగొండ. ఆవిడకీ చెల్లెలికీ ఏడాదే తేడా. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకనాడు అక్కచెల్లెళ్ళిద్దరూ మేనమామ సైకిలెక్కి వీధంతా తిరిగారు. మేనమామ యానాంలో ఉద్యోగం. అక్కణ్ణుంచి అందరూ తెచ్చుకునేది ఒకటైతే ఆయన కెమెరా తెచ్చుకున్నాడు. సైకిలు మీద వస్తున్న మేనకోడళ్ళని ఫొటో తీశాడు. అంతలో వాళ్ళ నాన్నగారు చూశారు. ఆడపిల్ల సైకిలు తొక్కడమేంటని, తొక్కిన పిల్లని ఆయన మర్నాటి నుంచి బడి మాన్పించేశారు. మేనమామని ఇంటికి రావద్దన్నారు. అలా బడి పోయిన పిల్ల మా అత్తగారు. చెల్లెలు చదువుకుని తెలుగు టీచరైంది, రిటైరై పెనుగొండలోనే ఉంటోంది. మేనమామ మా అత్తగారి పెళ్ళికి మాత్రం వచ్చి, చాటుగా ఆ నెగిటివ్ చేతిలో పెట్టి, కడిగించుకోమన్నాడు. కొత్తకోడలు సైకిలు తొక్కిన ఫొటో ఏ స్టూడియోలో కడిగించుకుంటుంది? తర్వాత ధైర్యం వచ్చి తీసుకెళ్తే, నెగిటివ్‌ల కాలం పోయిందండి అన్నారట.

వాళ్ళ నాన్నగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆయన పోయాక మొదలైన తగువు మాత్రం నా కళ్ళముందే ముప్పై ఏళ్ళుగా నడుస్తోంది. ఆ చెల్లెలు, అంటే మా చిన్నత్తగారు, ఏ పెళ్ళిలో కనబడినా, ఆ సైకిలు తొక్కింది నేను, అక్క వెనకాల కూర్చుంది అంటారు. మా అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైపోతారు. తొక్కినందుకే కదా నా చదువు పోయింది, తొక్కకుండానే మాన్పించారా అని అడుగుతారు. నెగిటివ్ బయటికి వస్తుంది. ఇద్దరూ చెరోసారి దీపానికి ఎత్తి చూసి, చూడండి నేనే అంటారు. నెగిటివ్‌లో మొహాలు నల్లగా, జడలు తెల్లగా ఉంటాయి కాబట్టి మిగతావాళ్ళకి ఇద్దరు ముసలమ్మలు సైకిలు తొక్కుతున్నట్టు కనబడుతుంది.

అసలు ఆ రోజుల్లో వాళ్ళిద్దర్నీ విడదీసి చెప్పడం కష్టమట. ఒకే పోలిక, ఒకే ఎత్తు, ఒకే తానులోంచి కుట్టించిన పరికిణీలు. ముక్కుపుడక ఒక్కటే తేడా. అక్కకి కుడివైపు. చెల్లెలికి ముక్కు కుట్టే రోజున సూది చూసి తల తిప్పేయడంతో ఎడమవైపు పడింది. పుడక ఎటుందో చూస్తే తొక్కిందెవరో తేలిపోతుందని మా అత్తగారి లెక్క. ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపు తిరగేస్తే ఐదు నిమిషాల పని కదా అన్నారు మావారు. ఫోనులో అయితే మీ పిన్ని నమ్మదురా, ఫోనులో కోతిని కూడా సైకిలెక్కిస్తారు, నాకు కాగితం మీద కావాలి అన్నారావిడ. ఆవిడ గొంతు వింటే నాకు భయం వేసింది. నా పంతం క్లాసులో పిల్లల ముందు పరువు కోసం. ఆవిడది అలాంటిది కాదు. ఆ సైకిలు తను తొక్కి ఉండకపోతే, పోయిన చదువు ఊరికే పోయినట్టు.

గది సిద్ధం చేయడానికి ఇల్లంతా కదిలింది. తలుపు సందులకి కట్టడానికి నల్లగుడ్డ కావాలని కొట్టుకెళ్తే, గుమాస్తా కార్తీకం ఇంకా రాలేదు కదండీ అని ఆశ్చర్యపోయాడు. మా దగ్గర నల్లగుడ్డ తాను లెక్కన కదిలేది అయ్యప్ప మాల వేసుకునేటప్పుడే. సాయంత్రానికల్లా మావారు ఈ ఏడు ముందుగానే మాల వేసుకుంటున్నారని బజారంతా తెలిసిపోయింది. పక్కింటావిడ ఆయన్ని స్వామీ అని పిలవడం మొదలుపెట్టింది. ఆయన కాదని చెప్పలేక పది రోజులు చెప్పుల్లేకుండా తిరిగారు.

ఫొటో కాగితానికి ఎర్రవెలుగు హాని చేయదు. అందుకని దేవుడి పటాల దగ్గర వెలిగే ఎర్ర జీరో బల్బు తెచ్చి కొట్టుగదిలో పెట్టాను. అది వెలగగానే మా అత్తగారు చెప్పులు లేని కాళ్ళు మరోసారి తుడుచుకుని జాడీలకి దణ్ణం పెట్టారు. మూడు టబ్బులు వరసగా పెట్టాను. మొదటి మందు బొమ్మని బయటికి తెస్తుంది, రెండోది ఇంక చాలని ఆపుతుంది, మూడోది మళ్ళీ వెలుగు తగిలినా చెడకుండా నిలబెడుతుంది. రెండోదానికి పుల్లటి ఘాటు. ఆ వాసన తగలగానే ఆవిడ మాగాయ పోయిందని గుండె బాదుకుని ఒక్కో జాడీ మూత తీసి వాసన చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. బాగాలేనివి నా నీళ్ళు. అది శ్రావణమాసం, గోదారికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజులు, కుళాయి తిప్పితే టీ డికాషను వచ్చేది. చేయి తిరగడానికి వేరే పాత నెగిటివ్ పెట్టి మొదట కడిగిన కాగితాల నిండా సన్నటి ఒండ్రు అంటుకుంది. మా అత్తగారు బిందెలో పటిక తిప్పి, తేటనీరు వడగట్టి ఇచ్చారు. ఇన్నాళ్ళకి ఈ పనిలో తనకి తెలిసిన భాగం ఒకటి వచ్చినందుకు ఆవిడకి సంతోషం వేసింది.

ఇంకో భాగం కూడా ఆవిడే పట్టుకున్నారు. కాగితం మీద ఎన్‌లార్జరు వెలుగు ఎంతసేపు పడాలో క్షణాల లెక్కన కొలవాలి. ఫోను తెరిస్తే దాని వెలుగే కాగితాన్ని చెడగొడుతుంది. ఆవిడ గోవిందనామాలు చదువుతానన్నారు. ఒక్కో గోవిందాకీ ఒక్కో క్షణం, రోజూ చదివే నోరు కాబట్టి గడియారంలా పడేది. నాలుగు గోవిందాలకి బొమ్మ పాలిపోయింది. ఇరవైకి బొగ్గైంది. పదికి సరిపోతుందని తేల్చాం. నా నోటుబుక్కులో ఫిజిక్సు లెక్కలన్నీ కొట్టేసి పది గోవిందాలు అని రాసుకున్నాను.

సైకిలు నెగిటివ్‌ని ఆవిడ తన పద్ధతిలో దీపానికి ఎత్తి చూసి, ఇలా పట్టుకుంటేనే బాగా కనబడుతుందమ్మాయ్ అని అందించారు. అందించినది అందించినట్టే అరలో పెట్టాను. పది గోవిందాలయ్యాయి. కాగితాన్ని మొదటి టబ్బులో ముంచి అటూ ఇటూ ఊపాను. తెల్లకాగితం మీద ఏమీ లేదు, ఏమీ లేదు, ఉన్నట్టుండి రెండు చక్రాలు లేచి వచ్చాయి. నా ఒళ్ళు జల్లుమంది. కటకాల పాఠం ఇరవై ఐదేళ్ళుగా చెబుతున్నాను, అది ఇంత వింతగా ఉంటుందని నాకే తెలియదు. చక్రాల మీద సైకిలు, సైకిలు మీద ఇద్దరు పిల్లలు. ముందున్న పిల్ల హేండిలు పట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. ఆ ముక్కుకి కుడివైపు తెల్లటి చుక్క.

మా అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తడి చేత్తోనే తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. ఆవిడ తడి చేత్తో ఆ గదిలో తిరగడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు వీధి వీధంతా పూతరేకులు అందాయి. ఎందుకని అడిగినవాళ్ళందరికీ ఫొటో చూపించారు. వెనక క్యారియరు మీద ఉన్న పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, ముందున్న పిల్ల నడుం వాటేసుకుని, నోరు బార్లా తెరిచి ఉంది. చూడండి మా చెల్లెలు, ఎంత పిరికిదో, ఇది తొక్కిందట అని ఆవిడ ఒకటే నవ్వు. మావారిచేత ఫొటోని ఫోనులో పెనుగొండ పంపించారు. నేను క్లాసులో ఫొటో చూపించి కాలరెగరేశాను.

చిన్నత్తగారు ఫోను ఆవిడకి చేయలేదు, నాకు చేశారు. అప్పుడు నేను స్టాఫ్‌రూములో ఉన్నాను. ఏడుస్తారేమో, తిడతారేమో అనుకున్నాను.

"అమ్మాయ్, నువ్వు ఫిజిక్సు చెబుతావు కదూ. సైకిలుకి చైను ఎటుపక్క ఉంటుంది?" అన్నారు.

నాకు వెంటనే చెప్పడం రాలేదు. ఫోను పట్టుకునే కాలేజీ గేటు దగ్గరికి వెళ్ళాను. వాచ్‌మన్ సైకిలు గోడకి ఆనించి ఉంది. దాని పక్కన గొంతుక్కూర్చుని చూస్తుంటే అతను పరుగెత్తుకొచ్చి గాలి తీస్తున్నారా మేడమ్ అని అడిగాడు. చైను కుడిపక్క ఉంది. ఆ రోడ్డు మీద పోతున్న ప్రతి సైకిలుకీ కుడిపక్కే ఉంది. నేను కడిగిన ఫొటోలో ఎడమపక్క ఉంది.

అప్పుడు బుర్ర పనిచేసింది. నెగిటివ్‌కి ఒకవైపు నిగనిగ, ఇంకోవైపు మసక. మసకవైపు కిందికి పెట్టాలి. నేను తిరగేసి పెట్టాను, కుడి ఎడమలు తారుమారైపోయాయి. ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో అక్కాచెల్లెళ్ళు చేసింది కూడా ఇదే. ఎవరికి వాళ్ళు తమకి కావలసిన వైపు నుంచి చూసుకున్నారు. అద్దంలో ప్రతిబింబం గురించి పిల్లలచేత పదేసిసార్లు రాయించే నేను, మా అత్తగారు ఎలా అందిస్తే అలా పెట్టాను. నా మీద నాకే మంట పుట్టింది.

చిన్నత్తగారికి తప్పు నాదేనని చెప్పి, ఇక్కడితో వదిలేయమని బతిమాలాను. పూతరేకులు పంచేశారు, ఈ వయసులో ఆవిడ సంబరం పాడు చేయొద్దన్నాను. వదలనన్నారు. ఆదివారం వస్తాను, అక్క ముందూ నా ముందూ మళ్ళీ కడుగు అని పెట్టేశారు. ఎంత పంతం మనిషి అని నాకు ఒళ్ళు మండింది. ఈవిడకి చదువూ దక్కింది, ఉద్యోగమూ దక్కింది, పెన్షను వస్తోంది, ఆ ఒక్క సైకిలు అక్కకి వదిలేస్తే ఏం పోయింది?

ఆదివారం లోపల నేనే మెల్లిగా చెప్పి చూద్దామనుకున్నాను. అత్తయ్యగారూ, ఫొటోలో చైను ఎటుపక్క ఉందో చూశారా అన్నాను. ఆవిడ అద్దాలు సర్దుకుని చూసి, ఎటుంటే ఏంటమ్మా, సైకిలు సైకిలే కదా అన్నారు. ఒక్కసారైనా పరికిణీ అంచు చైనులో పడకుండా సర్దుకుంటూ సైకిలు తొక్కిన మనిషి చైను ఎటుందో మర్చిపోదు. నాకు ఆ మాటతోనే తెలిసిపోయింది, ఇంక ఆ ఊసెత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం కొట్టుగదిలో చేరాం. నల్లగుడ్డ కట్టాక గాలాడదు, ఫ్యాను లేదు, చెమటలు కారిపోతున్నాయి. బస్సులో వచ్చిన చీరతో జాడీల వైపు జరగొద్దని మా అత్తగారు చెల్లెల్ని ఒక మూల నిలబెట్టారు. నెగిటివ్‌ని ఈసారి మసకవైపు కిందికి పెట్టాను. ఎందుకు తిప్పావని మా అత్తగారు అడుగుతారేమోనని గబగబా అర మూసేశాను. ఆవిడ అడగలేదు. గోవిందనామాలు మొదలుపెట్టి మూడోదాని దగ్గర ఆగిపోయారు. మూలలోంచి చిన్నత్తగారు అందుకుని మిగిలినవి పూర్తి చేశారు.

కాగితాన్ని టబ్బులోకి జార్చాను. ముగ్గురం వంగాం. చక్రాలు వచ్చాయి. జడలు వచ్చాయి, రిబ్బన్లు వచ్చాయి. సైకిలు ఈసారి అటువైపు పోతోంది, చైను దాని చోట అది ఉంది. నవ్వుతూ హేండిలు పట్టుకున్న పిల్ల ముక్కుకి ఎడమవైపు చుక్క. వెనకాల కళ్ళు మూసుకుని నడుం వాటేసుకున్న పిల్లకి కుడివైపు.

"వెనకున్నది నేనా" అన్నారు మా అత్తగారు. అది అడిగినట్టు లేదు.

నేను తలెత్తలేదు. చిన్నత్తగారు గెలిచినందుకు ఏదో ఒకటి అంటారని, అంటే నేనే గట్టిగా కసురుకోవాలని ఎదురుచూస్తున్నాను. ఆవిడ టబ్బులోకే చూస్తూ నాతో చెప్పారు.

"మావయ్య ఫొటో తీసీ తీయగానే నాన్న మలుపులో కనబడ్డారమ్మాయ్. దగ్గరికొచ్చి, ఎవరే తొక్కింది అన్నారు. నాకు నోట మాట రాలేదు. అక్క నన్ను వెనక్కి లాగి, నేనే నాన్నా అంది. మర్నాడు నేనొక్కదాన్నే బడికెళ్ళాను."

నాన్నగారు బతికున్నన్నాళ్ళూ ఆ మాట చెప్పడానికి తనకి ధైర్యం చాలలేదట. పోయాక ప్రతి పెళ్ళిలోనూ పదిమంది ముందూ చెబుతూనే ఉన్నారు, తొక్కింది నేనే అని. ఆవిడ తప్పు ఒప్పుకుంటుంటే మేమంతా గొప్పలు చెప్పుకుంటోందనుకున్నాం. ఒళ్ళు మండిపోయి ఆవిడని మనసులో ఎన్ని అనుకున్నానో తలుచుకుంటే నాకు సిగ్గేసింది.

మా అత్తగారు ఎవరితోనో అన్నట్టు, చెప్పగా చెప్పగా హేండిలు పట్టుకున్నట్టే గుర్తుండిపోయిందమ్మాయ్ అన్నారు. బడి ఎలాగూ పోయింది, సైకిలైనా ఉంటుంది కదా అనుకున్నా అన్నారు.

టబ్బులో కాగితం సంగతి నేను మర్చేపోయాను. మందులో ఎక్కువసేపు ఉండిపోయి పిల్లల మొహాలు నల్లబడుతున్నాయి. గబుక్కున తీసి రెండో టబ్బులో వేశాను. వాళ్ళిద్దరూ అటు చూడనే లేదు. చిన్నత్తగారు మూలలోంచి వచ్చి అక్క చేయి పట్టుకున్నారు. బస్సు చీర జాడీలకి రాసుకుంటున్నా మా అత్తగారు ఏమీ అనలేదు.

"తొక్కింది నేనక్కా. ఇప్పటికైనా నన్ను ఒప్పుకోనీ" అని చిన్నత్తగారు గట్టిగానే అన్నారు. ఆవిడ టీచరు గొంతు ఆ చిన్నగదిలో ఖంగుమంది.

మా అత్తగారు ఉలిక్కిపడి, చేత్తో చెల్లెలి నోరు మూసేశారు.

"మెల్లిగా అనవే. నాన్న వింటారు."

చిన్నత్తగారు ఆ చేతిని మెల్లిగా దించి తన చేతుల్లో పట్టుకున్నారు. తర్వాత అక్క చెవికి దగ్గరగా వంగి, గుసగుసగా, తొక్కింది తనేనని మళ్ళీ చెప్పారు. మా అత్తగారు తలుపు వైపు ఒకసారి చూసి, సరేనని తలూపారు.